తోటలో పచ్చపూల మల్లె - గుర్తించుట, పెంచుట
(ప్రసంగ పాఠము)



హైదరాబాదుకు పడమర దిక్కున ఉన్న మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ఒకప్పుడు రాళ్ల గుట్టలు, చల్క పొలాలు ఉన్న పల్లెలు. 1998లో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన తరువాత ఆ వైపంతా హైటెక్ సిటీగా మారిపోయినది. అక్కడ పంట పొలాలు తగ్గినవి గాని, మొక్కలకు గిరాకీ పెరిగినది. కంపెనీల ఆవరణలకు, అపార్టుమెంట్ల బాల్కనీలకు పూల మొక్కలు కావలెను. చేవెళ్ల, మొయినాబాదు, శంకరపల్లి వైపు పూలసాగు తెలిసిన రైతులకు ఇది మంచి అవకాశము. అయితే మనము అమ్మే మొక్క ఏదో మనకు తెలిసి ఉండవలెను. అందుకే ఈనాడు పచ్చపూల మల్లెను గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను.

"మల్లె తెల్లగా కదా ఉండేది, పచ్చ మల్లె ఎక్కడిది?" అని మీరు అడుగవచ్చును. మల్లె, జాజి, విరజాజి తెల్లనివే. కాని అదే కుటుంబములో పసుపుపచ్చని పూలు పూసే పొదలు కూడ ఉన్నవి. వానిలో తోటలకు పనికివచ్చేవి ముఖ్యముగా రెండు. మొదటిది హిమాలయ ప్రాంతపు పొద. శాస్త్రజ్ఞులు దీనిని జాస్మినమ్ హ్యూమిలె అంటారు. సంస్కృతములో స్వర్ణయూథిక అనే పేరు దీనికి చెప్తారు. రెండవది చైనా దేశపు నైరుతి భాగము నుండి వచ్చిన జాస్మినమ్ మెస్నీయి. దీని కొమ్మలు పొడవుగా పెరిగి, విల్లువలె వంగి, గోడ మీదుగా క్రిందికి జాలువారుతవి. పూవు పెద్దది, తరచు రెక్కలు రెండు వరుసలుగా ఉండి ముద్దపూవువలె కనిపిస్తుంది.

చిక్కంతా పేరుతోనే వచ్చినది. పసుపు పూవు పూసే ప్రతి మొక్కనూ "పచ్చ మల్లె" అని అమ్మితే కొన్నవాడూ మోసపోతాడు, అమ్మినవాడూ మాట పోగొట్టుకుంటాడు. కనుక మొక్కను చేతిలోకి తీసుకొని మూడు పరీక్షలు చేయవలెను.

ఒకటి: ఆకును త్రుంచి చూడండి. పాలు కారినచో అది మల్లె కాదు. పచ్చగన్నేరుకు, అల్లమండకు పాలు ఉంటవి. పచ్చగన్నేరు విషమని మీ అందరికీ తెలిసినదే.

రెండు: ఆకు తీరు చూడండి. మెస్నీయి మల్లెకు ఒక్కొక్క ఈనెకు మూడేసి చిన్న ఆకులు ఉండి, ఆ ఈనెలు కొమ్మపై ఎదురెదురుగా వస్తవి. హిమాలయపు రకమునకు సాధారణముగా మూడు నుండి ఏడు చిన్న ఆకులు ఉండి, ఈనెలు ఒకదాని తరువాత ఒకటిగా వస్తవి. రెంటికీ ఆకు అంచు నునుపుగా ఉంటుంది. రోడ్ల మధ్య విరివిగా నాటే టెకోమాకు కూడ చిన్న ఆకులు కలిసి ఉంటవి గాని, వాని అంచు రంపపు పళ్లవలె ఉంటుంది. దానికి పొడవైన కాయలు కాస్తవి.

మూడు: పూవు గొట్టమును గోటితో చీల్చి లోపలి కేసరములు లెక్కపెట్టండి. మల్లె జాతికి రెండే ఉంటవి. ముద్దపూవులో అవి స్పష్టముగా కనిపించకపోతే ఆకు గుర్తును నమ్మండి.

ఈ పరీక్షలు ఎందుకింత ముఖ్యమో చెప్తాను. అమెరికా దేశపు ఆగ్నేయ రాష్ట్రములలో జెల్సీమియం అనే తీగ ఉన్నది. దక్షిణ కరోలినా రాష్ట్రము 1924లో దానిని తన రాష్ట్ర పుష్పముగా ఎన్నుకొన్నది. పూవు పచ్చగా, సువాసనగా ఉండుటచేత దానిని కరోలినా మల్లె అని పిలుస్తారు. కాని అది మల్లె కాదు. వేరు మొదలు పూవు వరకు అంతా విషమే. పూవులోని తేనె చప్పరించిన పిల్లలకు ప్రాణాపాయము కలుగవచ్చును. దీనికి పాలు కారవు గనుక మొదటి పరీక్షలో దొరకదు. కాని దాని ఆకు విడిగా, ఒక్కటే ఉంటుంది. పూవులో కేసరములు ఐదు ఉంటవి. పిల్లలు తిరిగే ఇంటికి పొరపాటున ఈ తీగను ఇచ్చినామా, ఆ పాపము మనదే అవుతుంది.

ఇక మరొక మాట. పచ్చ మల్లెను విడిపూల కోసము ఎకరాల లెక్కన వేయవద్దు. మెస్నీయి రకమునకు వాసన లేదనే చెప్పవచ్చును. రెండవదానికి ఉన్నా కొద్దిపాటిదే. గుడిమల్కాపూరు పూల మార్కెట్టులో తూకానికి అమ్ముడయ్యే మల్లెకు ఇది సాటి రాదు. దీని విలువ మొక్కలోనే ఉన్నది గాని పూవులో లేదు. గోడ మీదికి, మిద్దె అంచుకు, గట్టుకు అందమైన మొక్కగా పెంచి అమ్మండి.

మొక్కలు తయారుచేయుట కష్టము కాదు. జూన్, జూలై మాసములలో సగము ముదిరిన కొమ్మల నుండి జానెడు పొడవు ముక్కలు, మూడు నాలుగు కణుపులు ఉండేటట్లు కోసి, ఇసుక కలిపిన మట్టిలో నాటి నీడలో ఉంచవలెను. వంగిన కొమ్మను నేలలో పూడ్చి అంటు కట్టినా వేళ్లు వస్తవి. నాటుటకు మూరెడు లోతు, మూరెడు వెడల్పు గుంట తీసి, మాగిన పశువుల ఎరువు ఒక తట్టెడు కలిపి నింపవలెను. మన ఎర్ర చల్క నేలలు దీనికి అనుకూలము. నీరు నిలిచే చోటు పనికిరాదు. ఇది చల్లని ప్రాంతపు మొక్క గనుక ఉదయపు ఎండ, వేసవిలో మధ్యాహ్నపు నీడ ఉండే చోటు ఎన్నుకొనండి. మన వద్ద చలి తక్కువ. కొండ ప్రాంతములలో పూసినంత పూత ఇక్కడ వస్తుందని కొనేవారికి మాట ఇవ్వవద్దు.

కొత్త కాలనీలలో మట్టిలో సిమెంటు, సున్నము, కంకర కలిసి ఉంటవి. అటువంటి చోట లేత ఆకులు పాలిపోయి, ఈనెలు మాత్రము ఆకుపచ్చగా మిగులుతవి. ఇది ఇనుప ధాతువు లోపము. ఆ మట్టిని తీసివేసి మంచి మట్టి నింపించండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి చల్లినచో ఆకు కోలుకుంటుంది.

చివరగా కత్తిరింపు. మల్లెతోటను మనము చలికాలములో నీరు ఆపి కత్తిరిస్తాము. కొత్త చిగురుపై మొగ్గ వస్తుంది. ఆ అలవాటు చొప్పున మెస్నీయి మల్లెను కత్తిరించినచో ఆ ఏటి పూత పోయినట్లే. ఇది క్రిందటి ఏడు పెరిగిన కొమ్మపైన చలికాలము చివర పూస్తుంది. కాబట్టి పూత ముగిసిన తరువాతనే కత్తెర పట్టవలెను. ఎండుకొమ్మలను, బాగా ముదిరిన కొమ్మలను మొదలంట తీసివేయండి. మొక్కను కొన్నవారికి కూడ ఈ సంగతి చెప్పి పంపండి. "మీ మొక్క పూయలేదు" అని వారు తిరిగి రాకుండ ఉంటారు.

ఆకు చూచి, పూవు చీల్చి, లెక్కపెట్టి, ఆ తరువాతనే పేరు చెప్పండి. పేరు సరిగా చెప్పిన నర్సరీకే కొనేవాడు రెండవసారి వస్తాడు.