మింగిన మాత్ర ఎక్కడికి పోతుంది?

 

ప్రతి ఏడూ మమ్మల్ని చదువు గురించి మాట్లాడమంటారు. ఈసారి మందుల గురించి చెబుతామంటే కార్యదర్శిగారు మా ముఖం వంక చూశారు. మేము డాక్టర్లం కాము, బడిపంతుళ్లం. కానీ నంద్యాలలోనూ ఆళ్లగడ్డలోనూ వైద్య సహాయం కోసం వచ్చే చీటీలను చూసి సంఘానికి పంపేది మేమే. ఆ చీటీల్లో మేము చూసినది మీకు చెప్పాలి కదా, డబ్బు మీది.

పోయిన ఏడాది మా పిల్లవాడొకడి తల్లికి మూత్రంలో మంట, చలిజ్వరం. మెడికల్ షాపులో మూడుసార్లు మాత్రలు మార్చారు, తగ్గలేదు. చివరికి ఆసుపత్రిలో మూత్రం కల్చర్ పరీక్ష చేయిస్తే, కాగితం నిండా మందుల పేర్లు, ఎక్కువ వాటి ఎదుట ‘ఆర్’ అనే అక్షరం. అంటే ఆ క్రిమి ఆ మందుకు లొంగదు. వారం రోజులు ఇంజెక్షన్లు పడ్డాయి, అల్‌హమ్దులిల్లాహ్, కోలుకుంది. ఆ పేర్లలో సగం ఆమె ఎన్నడూ విననివి. వాడని మందుకు లొంగని క్రిమి ఆమె ఒంట్లోకి ఎట్లా వచ్చింది? అప్పటి నుంచి మేము పుస్తకాలు తిరగేస్తున్నాం.

దీనికి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ మన పక్కనే ఉంది, హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరు. అక్కడ దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితం ప్రకటించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. క్రిముల్లో మొండితనం పెరగకుండా నీటిలో ఎంత దాకా ఉండవచ్చో తర్వాత లెక్క వేస్తే, లీటరుకు మిల్లీగ్రాములో పదివేలో వంతు కూడా రాలేదు. దానికి ఇది దాదాపు 5 లక్షల రెట్లు. శుద్ధి చేసిన తర్వాతి సంగతి ఇది.

ఫ్యాక్టరీలు లేకున్నా ఇది జరుగుతుంది. 2010లో ఢిల్లీలో కుళాయి నీళ్లు 50 చోట్ల పట్టి చూస్తే రెండింటిలో, వీధుల్లో నిలిచిన నీళ్లు 171 చోట్ల చూస్తే 51 చోట్ల, పెద్ద మందులను కూడా ఓడించే ‘ఎన్‌డీఎం-1’ అనే జన్యువు దొరికింది. 2020 జనవరిలో కేంద్రం మందుల ఫ్యాక్టరీల నీటికి యాంటీబయాటిక్ హద్దులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021లో తుది నియమాలు వచ్చేసరికి ఆ హద్దులు మాయం.

మరి ఇటువంటి నీళ్ల వల్ల మనిషికి ఎంత ప్రమాదం? విషమైతే లెక్క సులువు: ఎంత ఉంది, ఎంత తాగాం, ఎంత హాని. క్రిమి విషయంలో ఆ లెక్క కుదరదు. విషం నీటిలో పలచబడుతుంది, క్రిమి పెరుగుతుంది. పైగా తన మొండితనాన్ని పక్క జాతి క్రిమికి అప్పగిస్తుంది, మా తరగతిలో కాపీ చీటీ చేతులు మారినట్టు. మింగిన రోజు ఏమీ కాదు. పేగుల్లో నెలల తరబడి ఊరికే ఉంటుంది. ఆపరేషనో, కాన్పో, మూత్రంలో మంటో వచ్చిన రోజు బయటపడుతుంది. అప్పుడు ఏ కాలువను తప్పుపట్టగలం? అందుకే శాస్త్రజ్ఞులు రోగులను లెక్కపెట్టడంతో ఆగకుండా, మురుగు మనిషి నోటిదాకా వచ్చే దారులను చూస్తారు: తాగే నీరు, ఈత, పచ్చి కూరలు, చేతులు.

ఆ దారులు మనకు తెలియనివా? అమాక్సిసిలిన్ మాత్ర మింగితే సగానికి పైగా మందుగానే మూత్రంలో పోతుంది. ఇళ్ల మురుగు, ఆసుపత్రుల మురుగు, కోళ్ల ఫారాల ఎరువు కలిసి వాగుల్లోకి, వాగులు కుందూలోకి, కుందూ పెన్నలోకి. నిలిచిన నీటిలో మూత్రం పోయవద్దని ప్రవక్త (స) చెప్పిన మాట మన పిల్లలకు నోటికి వచ్చు. మురుగు కాలువ పక్కనే బోరు వేయించేటప్పుడు మాత్రం మనకు గుర్తురాదు.

ఇప్పుడు మన సంగతి. మన ఉచిత వైద్య శిబిరాల్లో జలుబుకు, ఒళ్లునొప్పులకు కూడా యాంటీబయాటిక్ పంచాం. మూడు రోజుల మాత్రలు ఇచ్చి పంపాం. వరుసలో నిలబెట్టి చేతికిచ్చింది మేమే. ఆళ్లగడ్డలో ఒక ఇంట్లో మేమిచ్చిన మాత్రలు సగం డబ్బాలో ఉండగా చూశాం. “మళ్లీ జ్వరమొస్తే ఉంటాయి లే సార్” అంది ఆ అవ్వ. అట్టమీద ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా వాడరాదని ప్రభుత్వం 2016 నుంచి చెబుతోంది. ఆ గీతను మేమూ చూసీ చూడనట్టు పోయాం.

మేము అడిగేది రెండు. మందుల కోసం ఇచ్చే సొమ్ములో కొంత కల్చర్ పరీక్షలకు వాడనివ్వండి. మందుల పెట్టెల ముందు ఫొటో దిగవచ్చు, పరీక్ష కాగితం ముందు ఏం దిగుతామని ఒక పెద్దాయన నవ్వారు. ఆయన మాటలో నిజముంది, అయినా అడుగుతున్నాం. పరీక్ష ఖర్చు జకాత్ నుంచి అయితే అర్హుడైన రోగి చేతికే డబ్బు ఇవ్వాలి. ఎట్లా ఇవ్వాలో ఆలిములను అడిగి చేద్దాం. రెండోది, మురుగు పక్కనున్న బోర్లకు చుట్టూ సిమెంటు గట్టు, నీళ్లు పోయే కాలువ కట్టించడం. ఇది లిల్లాహ్ సొమ్ముతో చేయవచ్చు. నంద్యాలలో అటువంటి బోర్లను మా పిల్లలు నోటు పుస్తకంలో రాస్తున్నారు, ఆళ్లగడ్డ జాబితా రంజాన్ సెలవుల తర్వాత మొదలవుతుంది.