ఊరి పనులకు వరుస



మన మున్సిపాలిటీలో ఏ కౌన్సిల్ సమావేశానికి వెళ్లినా అజెండాలో ప్రతి అంశమూ అత్యవసరమే. పార్కు అత్యవసరం, మెయిన్ రోడ్డు వెడల్పు అత్యవసరం, ఊరి మొదట్లో ఆర్చి మరీ అత్యవసరం. (ముందు వరసలో ఉన్న పెద్దలు ఆర్చి మాట ఎత్తినందుకు మన్నించాలి.) ఇవన్నీ చూడాల్సిన టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఉండేది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. ఇళ్ల ప్లాన్లు చూసేదీ వాళ్లే, అక్రమ కట్టడాలకు నోటీసులిచ్చేదీ వాళ్లే, కోర్టు కేసులకు కౌంటర్లు తయారుచేసేదీ వాళ్లే. అన్నీ ముందే కావాలంటే చివరికి ఎవరి గొంతు పెద్దదైతే వారి పని జరుగుతుంది. ఈ శాఖలో ఉద్యోగం చేసినవాణ్ణి, చూసి చూసి చెబుతున్నాను.

కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే ఊరుంది. మీలో కొందరి పిల్లలు అక్కడే ఉండివుంటారు. ఆ ఊళ్లో ప్లానింగ్ కమిషన్ అని ఒకటి పనిచేస్తుంది. ఏడుగురు సభ్యులు, ఊళ్లోని మామూలు పౌరులే, కౌన్సిల్ నియమిస్తుంది. కట్టడాల అనుమతులు, ఏ స్థలంలో ఏం కట్టవచ్చన్న తగాదాలు వీళ్ల ముందుకొస్తాయి. ఈ సాయంత్రం నేను చెప్పాలనుకున్నది వేరే. రాబోయే ఏడాది సిబ్బంది ఏయే సమస్యల మీద కూర్చోవాలో తేల్చుకోవడానికి ఆ ఊరు ఒక పద్ధతి పెట్టుకుంది. కమిషన్లు, కౌన్సిల్ సభ్యులు అంశాలు సూచిస్తారు. ఒక్కోదానికి ఒక కాగితం తయారవుతుంది: సమస్య ఏమిటి, సిబ్బందికి ఎంత శ్రమ, ఖర్చెంత. తన పరిధిలోని అంశాలకు కమిషన్ వరుస సంఖ్యలు వేస్తుంది. ఏడాది మొదట్లో కౌన్సిల్ అందరి ఎదుటా జనం మాట విని, తర్వాత కూర్చుని తేలుస్తుంది. ఒక్కో అంశానికి మూడే దార్లు: వరుసలో పెట్టడం, వాయిదా వేయడం, కొట్టేయడం.

నాకు నచ్చింది ఆ మూడో దారి. మన దగ్గర ఏ ప్రతిపాదననూ కొట్టేయరు. ‘పరిశీలనలో ఉంది’ అంటారు. ఆ ఒక్క మాటతో ఫైలు ఏళ్ల తరబడి బతుకుతుంది, అడిగినవాడు తిరుగుతూనే ఉంటాడు. ‘ఈ పని మేం చేయలేం’ అని మొహాన చెప్పడానికి ధైర్యం కావాలి. అక్కడా అందరూ సంతోషిస్తారని కాదు. ఇళ్ల ధరలు మండిపోతున్న ఊళ్లో ఏ జాబితా వేసినా కొందరికి కోపమే. అయితే ఏది వెనకబడిందో రాతలో ఉంటుంది, అడగడానికి ఆధారం దొరుకుతుంది.

మనకు చట్టం లేదా? ఉంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. మున్సిపాలిటీలకు అప్పగించదగినవంటూ 12వ షెడ్యూలు చెప్పిన 18 అంశాల్లో మొట్టమొదటిది పట్టణ ప్రణాళికే. ఆచరణలో మాస్టర్ ప్లాన్ మీద పెత్తనం అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీదో, రాష్ట్ర శాఖదో. ఆ వాదన పెట్టుకుంటే తెల్లారిపోతుంది. మన సిబ్బంది ఈ ఏడు ముందు ఏం చూడాలో కౌన్సిల్ తీర్మానించుకుంటే మాత్రం అడ్డుకునేవాళ్లెవరూ లేరు.

సరే, వరుస ఎలా వేయాలి? నా కొలత ఒక్కటే. ఈ ఏడు చేయకపోతే ఇక ఎప్పటికీ చేయలేనిది ఏదో, అది ముందు. పార్కు గోడకు రంగులు ఎప్పుడైనా వేయవచ్చు. కాలువ హద్దు సంగతి అలా కాదు. ఇప్పుడు హద్దురాళ్లు పాతకపోతే వచ్చే ఏటికి అక్కడ పునాది లేస్తుంది, ఆ పై ఏడు కరెంటు మీటరు, ఇంటి పన్ను రసీదు వచ్చేస్తాయి. ఆ తర్వాత అవి పేద కుటుంబాల ఇళ్లు. ఏ అధికారి ఏ ముఖం పెట్టుకుని కూల్చమంటాడు?

2024 సెప్టెంబరు మొదటి రోజులు గుర్తున్నాయి కదా. బుడమేరు మళ్లింపు కాలువ గట్లకు గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట నీట మునిగాయి. మేడల మీద జనం రోజుల తరబడి పాలకూ మంచినీళ్లకూ ఎదురుచూశారు. ఏరు పారే దారిలో కాలనీలు ఒక్క ఏడాదిలో పుట్టుకురాలేదు. ఏటికేడు ‘తర్వాత చూద్దాం’ అంటూ వచ్చాం.

హైదరాబాదు వాళ్లు ఒకప్పుడు మరోలా చేశారు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద ఊరిని ఊడ్చేశాక విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఊరికి ఎగువన జలాశయాలు కట్టమని ఆయన చెప్పారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ మధ్యలో నిజాము మారాడు, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది, కొత్త రోడ్లూ బజార్లూ భవనాలూ లేచాయి. అయినా వరద పని జాబితాలోంచి జారిపోలేదు. మనకు ఛైర్మన్ మారితే చాలు, జాబితా కూడా మారిపోతుంది.

ఇంకొక్క మాట, తేదీల గురించి. బడ్జెట్ ఏప్రిల్‌కు ముందే ఆమోదం పొందాలి. వానలు జూన్‌లో దిగుతాయి. మే నెలలో కాలువ గుర్తొస్తే టెండరు పిలిచేసరికి మోకాటి లోతు నీళ్లు. అందుకే వరుస డిసెంబరులోగా తేలాలి, ఆపైన కాగితాలకు మూడు నెలలు, తవ్వకాలకు రెండు నెలలు మిగులుతాయి.

మీరు చేయగలిగింది ఒకటుంది. ఈ డిసెంబరులోగా మీ వార్డు కౌన్సిలరు దగ్గరికి పదిమంది కలిసి వెళ్లండి. మీ వీధికి కావలసిన పని ఒక్కటే అడగండి. దానికోసం ఏ పని పక్కన పెట్టినా మీకు అభ్యంతరం లేదో అది కూడా కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి ఇవ్వండి.