ఏకాంతం కూడా హక్కే

(పాల్మాకులలో యువ రచయితల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊరికి ఒకవైపు బెంగళూరు రహదారి హోరు. మరోవైపు, 2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం తెరుచుకున్ననాటి నుండి తలమీద విమానాల మోత. ఇక్కడ నిలబడి ఏకాంతం గురించి మాట్లాడటం విడ్డూరంగా తోచవచ్చు. కానీ కొత్తూరు వైపు జహంగీర్ పీర్ దర్గాకు వెళ్లినవారికి ఒక దృశ్యం తెలుసు. కందూరు చేసుకునే కుటుంబాల సందడి నడుమనే ఎవరో ఒక తల్లి కళ్లు మూసుకొని, దోసిలి పట్టి, తనలో తాను ఉంటుంది. నఖ్ష్‌బందీ సూఫీలు ఈ స్థితికి ‘ఖల్వత్ దర్ అంజుమన్’ అని పేరు పెట్టారు. అంటే పదిమందిలో ఉంటూనే ఏకాంతంలో ఉండటం.

సృజనకారుడికి కావలసింది ఈ ఏకాంతమే. అది జనం నుండి పారిపోవడం కాదు.

మన నగరపు మఖ్దూమ్ మొహియుద్దీన్‌నే చూడండి. సిటీ కాలేజీలో అధ్యాపకుడు, కార్మిక నాయకుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో అజ్ఞాతవాసి, ఖైదీ, ఆపై శాసన మండలిలో ప్రతిపక్ష నాయకుడు. ఆయన తొలి సంపుటి ‘సుర్ఖ్ సవేరా’ 1944లో వచ్చింది. తర్వాతి సంపుటి ‘గులే తర్’ 1961లో గాని రాలేదు. నడుమ 17 సంవత్సరాలు. ఉద్యమం కవిని మింగిందని కొందరంటారు. ఉద్యమం లేనిదే ఆ కవి లేడని మరికొందరంటారు. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. ప్రజాజీవితం ఆయన కవిత్వానికి ప్రాణం పోసింది. దానికి మూల్యం కూడా తీసుకుంది. ఆ మూల్యాన్ని మనం లెక్కపెట్టలేదు.

తెలుగులో ముస్లిం గొంతుక సంగతి కూడా అంతే. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ ఒక్కరి గుండెలోంచి వచ్చిన దీర్ఘకవిత. 1998లో ‘జల్‌జలా’ కవితా సంకలనం, 2004లో ‘వతన్’ కథా సంకలనం వచ్చేనాటికి ఆ గొంతు పదుల గొంతులైంది. ఒంటరిగా రాసినది సమూహాన్ని కూడగట్టింది. ఆ సమూహం మళ్లీ ఎందరో ఒంటరులకు రాసే ధైర్యమిచ్చింది.

మరి ఈనాడు మనం మన రచయితలను ఏమడుగుతున్నాం? ఎక్కడ ఏ దుర్ఘటన జరిగినా సభకు రమ్మంటాం, ఖండన ప్రకటన రాయమంటాం, సాయంత్రానికల్లా కవిత కావాలంటాం. ఆ పనులు అవసరమే. కానీ ఎప్పుడూ జవాబుగానే రాసేవాడు తన ప్రశ్నను మరచిపోతాడు. మన గాయాల గురించి మాత్రమే కాక, మన వంటిళ్ల గురించి, ప్రేమల గురించి, మనలో మనకున్న తగవుల గురించి రాసే తీరిక కూడా అతనికి దక్కాలి. నిందితుల బోనులో నిలబడి సంజాయిషీ ఇచ్చుకోవడమే సాహిత్యం కారాదు.

ఇక మన ఆడబిడ్డల మాట. రెండు గదుల ఇంట్లో, అందరూ పడుకున్నాక, పొయ్యి పక్కన కూర్చొని రాసే చెల్లెలికి ఎవరు ఇస్తారు ఏకాంతం? ఇవ్వడం మనకు తెలియనిది కాదు. రంజాన్ చివరి పది రోజులు ఏతెకాఫ్‌లో కూర్చున్నవారికి ఇంటినుండి అన్నం పంపుతాం. ఇంట్లోనే ఒక మూలన కూర్చున్న అమ్మను ఏ పనికీ పిలవం. పరదా కట్టిన ఆ మూలను ఇల్లంతా గౌరవిస్తుంది. ఇబాదత్‌నూ రచననూ నేను ఒకే గాటన కట్టడం లేదు. పది రోజులు చేతనైన మర్యాదను రోజుకొక గంట చూపలేమా అని మాత్రమే అడుగుతున్నాను.

ఏతెకాఫ్ అడవిలో చేసేది కాదు. జమాత్ నిలబడే మసీదులోనే చేస్తారు. నెలవంక కనబడగానే పరదా తొలగించి బయటికి వస్తారు, అందరితో కలిసి ఈద్ చేసుకుంటారు. రచయితలారా, మీరు కూడా తిరిగి రావాలి. రాసినది తెచ్చి మొదట మీ బస్తీకి వినిపించండి. వారు కాదన్నది ఓపికగా వినండి. పెద్దలారా, వారు తిరిగి వచ్చేదాకా తలుపు తట్టకండి.

హక్కుల జాబితాలో చదువు, ఉద్యోగం, భద్రత రాసుకున్నాం. వాటి కింద ఈ ఒక్క గంటను కూడా రాసుకుందాం.

ఖుదా హాఫిజ్.