సదాలక్ష్మిని పక్కనపెట్టి 1969 చరిత్ర చెప్పలేం
(ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)



1969 అనంగనే మన వక్తలకు నోటికొచ్చే పేర్లు కొన్ని ఉన్నయి. చెన్నారెడ్డి, మల్లికార్జున్, కొండా లక్ష్మణ్ బాపూజీ. ఆ తర్వాత గన్‌పార్కు స్తూపం, 369 మంది అమరులు. ఈ వరుసల టి.ఎన్. సదాలక్ష్మి పేరు రావాలంటే సభల నుంచి ఎవరన్నా ఒక దళిత మిత్రుడు వేదిక మీదికి చీటీ పంపాలె. ఇది మనం ఎన్నో సభలల్ల చూసినం. అందుకే ఇయ్యాల మాట్లాడమంటే మేం ఆమె గురించే మాట్లాడుతమన్నం.

సదాలక్ష్మి 1928లో దళిత కుటుంబంల పుట్టినరు. సికింద్రాబాద్ బిడ్డ. 1957లో శాసనసభకు గెలిచినరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఏడాది కూడ నిండలె. పెద్దమనుషుల ఒప్పందం మీద సిరా ఇంక పచ్చిగనే ఉన్నది. 1960లో ఆమె డిప్యూటీ స్పీకర్ అయినరు. ఆమె కంటె ముందు ఆ కుర్చీల కూసున్నది ఎవరో తెలుసా? కొండా లక్ష్మణ్ బాపూజీ. ఒకరి తర్వాత ఒకరు డిప్యూటీ స్పీకర్లుగ చేసిన ఇద్దరూ తెలంగాణ వాళ్లే, ఇద్దరూ 1969లో ఆ ప్రభుత్వానికి ఎదురు తిరిగిన వాళ్లే. సమైక్య రాష్ట్రంల పదవులు దొరకనోళ్లే తెలంగాణ అన్నరని ఇప్పటికీ రాసే మేధావులు ఉన్నరు. వాళ్లు ఈ ఒక్క ముచ్చటకు జవాబు చెప్పాలె.

ఆ కుర్చీ గురించి ఇంకొంచెం చెప్పుకోవాలె. డిప్యూటీ స్పీకర్ అంటే ఉత్త అలంకారం కాదు. స్పీకర్ లేనప్పుడు సభ నడిపేది ఆ మనిషే. ఎవరికి మాట ఇయ్యాలె, ఎవరిని కూసోమనాలె, ఏ సవరణను ఓటుకు పెట్టాలె, అన్నీ ఆమె నోటి నుంచే రావాలె. ఎదురుంగ కూసున్నోళ్లల్ల దొరల వారసులున్నరు, భూస్వాములున్నరు. ఊర్లె గడీ ముందట నుంచి దళితులు చెప్పులు చేతుల పట్టుకొని పోయిన కాలం అప్పటికి ఎంతో వెనకది కాదు. అటువంటి ఊర్ల నుంచి వచ్చిన పెద్దలు లేచి నిలబడి ‘అధ్యక్షా’ అని ఒక దళిత స్త్రీని సంబోధించి, మాట్లాడనీకి ఆమె అనుమతి అడగాలె. ఆ దృశ్యం మన పాఠ్యపుస్తకాలల్ల ఉండాల్నా వద్దా?

ఆ తర్వాత మంత్రి అయినరు. చూసింది దేవాదాయ శాఖ. దళితులను గుడి మెట్లెక్కనియ్యని ఊర్లు రాష్ట్రమంత నిండి ఉన్న రోజులవి. ఆ గుళ్ల భూములు, హుండీలు, ధర్మకర్తల వ్యవహారాలు చూసే ఫైళ్ల మీద దళిత మంత్రి సంతకం. కాంగ్రెస్ తన ముఖం అందంగ కనబడాలని ఇచ్చిన పదవే అని అనేటోళ్లు అంటరు. ఇచ్చినోళ్ల లెక్కలు వాళ్లకు ఉంటే ఉండనియ్యి. ఆ పదవిలున్న మనిషి తర్వాత ఏ దిక్కు నిలబడ్డదో చూడాలె గదా.

1962లో ఆమె ఎల్లారెడ్డి నుంచి గెలిచినరు. 1967లో అదే ఎల్లారెడ్డిల ఓడినరు. ఓడించింది రిపబ్లికన్ పార్టీ నుంచి నిలబడ్డ జె. ఈశ్వరీబాయి. ఆమె కూడ సికింద్రాబాద్ మనిషే, ఆమె కూడ దళిత స్త్రీయే. మాజీ మంత్రి, ఆమెను ఓడించిన ఎమ్మెల్యే. మామూలుగనైతే జీవితమంత మొఖం చూసుకోవద్దు. రెండేండ్లు తిరిగేసరికి ఇద్దరూ ప్రత్యేక తెలంగాణ జెండా కిందికి వచ్చినరు. సదాలక్ష్మి తెలంగాణ ప్రజాసమితి నాయకత్వంల నిలిచినరు. ఈశ్వరీబాయి శాసనసభ లోపల గొంతెత్తినరు, 1972లో సంపూర్ణ తెలంగాణ ప్రజాసమితి పేరు మీద మళ్లీ ఎల్లారెడ్డిల గెలిచినరు. ఈ ఇద్దరి కథను కలిపి చెప్పే నాటకమో, సినిమానో ఇంక రాకపోవుడు మాకు ఎప్పుడూ వింతనే.

1971 లోక్‌సభ ఎన్నికలల్ల ప్రజాసమితి 14 సీట్లల్ల 10 గెలిచింది. అదే ఏడు సమితిని తీస్కపోయి కాంగ్రెస్‌ల కలిపినరు. చెన్నారెడ్డి 1978లో ముఖ్యమంత్రి అయినరు. సదాలక్ష్మి పేరు వెనక మాత్రం ‘మాజీ మంత్రి’ అన్న మాటనే మిగిలింది. ఉద్యమం ఇద్దరూ చేసినరు. ఫలం ఎవరికి దక్కిందో, ఏ కులానికి దక్కిందో విడమరిచి చెప్పాల్నా?

ఆమె ఇంట్ల కూసోలె. 1994లో మాదిగ దండోర మొదలైనంక, వయసు మీద పడ్డా ఆ పోరాటానికి అండగ నిలబడ్డరు. దళితులకు వచ్చిన వాటా దళితుల లోపల కూడ న్యాయంగ పంచాలన్నరు. ప్రాంతం వాటా అడిగిన మనిషే కులం వాటా అడిగింది. రెండూ ఒకటే న్యాయమని ఆమె బతుకే చెప్తున్నది. 2004లో కన్నుమూసినరు. అదే ఏడు నవంబరులో వర్గీకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. మళ్ల ఇరవై ఏండ్లు. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతదన్నది, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల చట్టం అమలుకొచ్చింది.

ఇగ మన సొంత రాష్ట్రం సంగతి. బతుకమ్మలతోని, బోనాలతోని రోడ్లెక్కి తెలంగాణ తెచ్చిన ఆడబిడ్డలకు 2014ల ఏర్పడ్డ మొదటి ప్రభుత్వం ఏమిచ్చింది? ఒక్క మహిళా మంత్రి లేకుండ ఆ పదవీకాలమంత గడిపింది. పద్మా దేవేందర్ రెడ్డిని డిప్యూటీ స్పీకర్ చేసినరు, అంతే. అంటే 1960లో సదాలక్ష్మి ఎక్కిన మెట్టు కాడనే 2014లో ఆపినరు. 2019 సెప్టెంబరు దాకా ఎదురుచూసినంక సబితా ఇంద్రారెడ్డి, సత్యవతి రాథోడ్ మంత్రులైనరు. 2023 డిసెంబరులో సీతక్క, కొండా సురేఖ వచ్చినరు. సురేఖకు ఇచ్చిన శాఖలల్ల దేవాదాయం ఒకటి. అరవై ఏండ్ల కింద ఆ శాఖను ఒక దళిత స్త్రీ చూసిందని ఆనాడు ఏ పేపరన్నా రాసిందా? మాకైతే కనబడలె.

గోగు శ్యామల అక్క కూసోని ఆమె బతుకు కథను ‘నేనే బలాన్ని’ పేరుతోని పుస్తకం చేసింది. 2011లో హైదరాబాద్ బుక్ ట్రస్టు అచ్చేసింది. లేకపోతే మనకు ఈ మాత్రం కూడ దక్కకపోవు. కాని ఒక్క పుస్తకంతోని ఒడిసే పని కాదు. 1960 నుంచి 1962 దాకా ఆమె సభ నడిపిన రోజుల చర్చలు అసెంబ్లీ రికార్డులల్లనే ఉంటయి. వాటిని బయటికి తీసి తెలంగాణ సర్కారు అచ్చేయాలె. ఎల్లారెడ్డి, సికింద్రాబాద్ బస్తీలల్ల ఆమెను చూసిన పెద్దలు ఎనభై దాటి ఉంటరు. మిత్రులారా, మీ జిల్లాలకు పోయినంక వాళ్ల దగ్గర కూసోండ్రి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి పత్రికకు పంపుండ్రి, మేం వేస్తం.