నూఱు మైళ్ల కొండపరుగు - కాళ్ల సంరక్షణము



మన గ్రామములనుండి చదువులకును ఉద్యోగములకును అమెరికాకు పోయిన పిల్లలలో కొందఱు, కొండలలోను అడవులలోను పగలంతయు, ఒక్కొక్కప్పుడు రాత్రియు గూడ, పరుగెత్తు పందెములకు సిద్ధపడుచున్నారని వినుచున్నాము. ఆ మాట టెలిఫోనులో విన్న తల్లిదండ్రులు మొదట నమ్మరు. నమ్మిన పిదప భయపడుదురు. అందు భయపడవలసినది కొంత కలదు, భయపడనక్కఱలేనిది కొంత కలదు. ఆ రెంటిని వేఱుచేసి చెప్పుటకే నేటి నా ప్రసంగము.

మారథాను అను పరుగుయొక్క దూరము 26 మైళ్ల 385 గజములు. అంతకు మించిన పరుగును అల్ట్రామారథా నందురు. అది రాజమార్గమున గాక రాళ్లు, చెట్లవేళ్లు, వాగులు గల కాలిబాటలలో జరిగినచో దాని కష్టము వేఱు. ఇట్టివానిలో మిక్కిలి పేరుపొందినది కాలిఫోర్నియా రాష్ట్రములోని వెస్టర్న్ స్టేట్స్ పందెము. సియెర్రా నెవాడా పర్వతములలో టాహో సరస్సునకు సమీపమున బయలుదేరి ఆబర్న్ పట్టణము చేరవలెను. దూరము 100 మైళ్లు. మన పెద్దల లెక్కలో పదియామడలకు తక్కువ గాదు. దారిలో ఎక్కవలసినది మొత్తము సుమారు 18,000 అడుగులు, దిగవలసినది సుమారు 23,000 అడుగులు. గడువు 30 గంటలు. 24 గంటలలోపల చేరినవారికి నడికట్టునకు పెట్టుకొను వెండిబిళ్ళ బహుమానము. పందెము జరుగునది జూను మాసాంతమున. అప్పటికి శిఖరములపై మంచు మిగిలియుండవచ్చును; లోయలలో నెండ 100 డిగ్రీలు దాటవచ్చును.

ఈ పందెము మొదట మనుష్యులది కాదు, గుర్రములది. వెండెల్ రాబీ యను నాయన 1955వ సంవత్సరమున కొందఱు రౌతులతో గూడి ఈ 100 మైళ్లు ఒక్క దినములో గుర్రముపై పోవచ్చునని చేసి చూపెను. నాటినుండి జరుగుచున్న ఆ స్వారీపందెమునకు టెవిస్ కప్పని పేరు. అందలి వైద్యవిధానము నాకు మిక్కిలి గౌరవపాత్రముగా దోచినది. దారిలో అక్కడక్కడ అశ్వవైద్యులు కాచుకొనియుందురు. గుర్రము రాగానే నాడి చూతురు. కొంతసేపు నిలిపినను నాడి తగినమేరకు దిగనిచో ముందుకు పోనీయరు. చర్మమును చిటికెతో పట్టి లాగి విడిచి, ఒంటిలో నీరు తగ్గెనేమో చూతురు. పగ్గముపట్టి కొంతదూరము పరుగెత్తించి నడకలో కుంటు గలదేమో చూతురు. కుంటు కనబడినచో దాని పందె మంతటితో సరి. రౌతెంత బతిమాలినను చెల్లదు. అంతేకాక, ముందుగా చేరిన పది గుర్రములలో దేహస్థితి అన్నిటికంటె బాగుగా నున్న గుర్రమునకు హాగిన్ కప్పను ప్రత్యేక బహుమానము గలదు. అందఱికంటె ముందు వచ్చినదానికే అది దక్కవలెనను నియమము లేదు.

గార్డీ ఐన్‌స్లీ యను రౌతు 1973లో తన గుర్రము కుంటినందున పందెము మానుకొనవలసి వచ్చెను. మరుసటి యేట, 1974లో, గుర్రము లేకయే, గుర్రములతోపాటు తన కాళ్లతో బయలుదేరి 23 గంటల 42 నిమిషములలో ఆబర్న్ చేరెను. ఆ త్రోవలోనే 1977 నుండి మనుష్యుల పరుగుపందెము మొదలయ్యెను.

ఇందులో నొక చిక్కు గలదు. గుర్రము కుంటినప్పుడు దానిని ఆపుటకు వేఱొకడుండెను. మనుష్యుడు పరుగెత్తునప్పుడు గుర్రమును తానే, రౌతును తానే. కాలు నొచ్చుచున్నదని గుర్రము చెప్పును, ఇంకొక మైలు పొమ్మని రౌతు తఱుమును. పందెమునాడు మనుష్యులను గూడ వైద్యులు చూతురు. పెక్కుసంవత్సరములు దారిలో బరువు తూచి చూచెడివారు. కాని అంతకు ముందు ఆఱు నెలలు, తెల్లవాఱుజామున ఒంటరిగా అభ్యాసము చేయునప్పుడు చూచువారెవరు? పరుగెత్తువారి కాళ్లకు గలుగు జబ్బులలో పెక్కు ఒక్కనాటి దెబ్బలు గావు; అభ్యాసకాలమున దినదినము కొంచెము కొంచెముగా పేరుకొన్నవి.

అవి పేరుకొనుటకు కారణము దేహనిర్మాణములోనే యున్నది. అభ్యాసము మొదలిడిన కొలది వారములకే గుండెయు ఊపిరియు బలపడును. కండరములును త్వరగా సర్దుకొనును. కండరమును ఎముకకు కట్టియుంచు తాడువంటి స్నాయువు మాత్రము మెల్లగా బలపడును. ఎముక యింకను మెల్లన. ఎముక భారమునుబట్టి తన్ను తాను మార్చుకొనునని జర్మను వైద్యుడు జూలియస్ వుల్ఫ్ 1892లో విపులముగా వ్రాసెను. ఆ మార్పుయొక్క క్రమము తెలిసికొనదగినది. ముందు పాతభాగము కరిగి తొలగును. అటుపిమ్మట క్రొత్తది కట్టబడును. తొలగుటకు కొన్ని వారములు, కట్టుటకు కొన్ని నెలలు. పాత స్తంభము తీసి క్రొత్త స్తంభము నిలుపునంతలో మిద్దెపై ధాన్యపుబస్తాలు వేసినచో నేమగునో ఆలోచింపుడు. ఊపిరి బాగున్నదిగదా యని రెండవనెలలో పరుగు రెట్టింపుచేసిన యువకుని ముంగాలి యెముకలో సన్నని పగులు పుట్టుట కిదియే హేతువు.

కావున నొప్పులన్నియు ఒక్కటి గావు. తొడలంతట పరచుకొని, రెండవనాడు హెచ్చి, నాలుగైదు దినములలో తనంతట తగ్గునది కండరపు నొప్పి, దానికి భయపడనక్కఱలేదు. ఉదయము మంచము దిగగానే బిగిసికొనియుండి, నడచుకొలది సడలి, మరునా డుదయము మరల పట్టుకొనునది తఱచు స్నాయువు నొప్పి. వ్రేలికొనతో చూపగలిగినంత చోటున నిలిచి, పరుగెత్తుకొలది హెచ్చి, తుదకు రాత్రి పడుకొన్నప్పుడు గూడ బాధించునది ఎముక నొప్పి. ఈ మూడవదానియెదుట ధైర్యము పనికిరాదు.

కొండ దిగుటనుగూర్చి ఒక మాట. అలిపిరినుండి మెట్లెక్కి తిరుమల చేరినవారికి ఎక్కునప్పుడు ఆయాసము తెలియును. మెట్లమీదుగానే దిగివచ్చినవారికి మరునాడు తొడల బాధ తెలియును. దిగునప్పుడు తొడ కండరము సాగుచునే బిగిసి దేహభారమును పట్టి ఆపవలెను. అందుచే దాని పోగులు చిట్లును. అయితే ఒకసారి మితముగా దిగి, కోలుకొనినచో, తరువాత కొన్ని వారములు అదే దిగుడు అంత బాధింపదు. కావున 23,000 అడుగులు దిగవలసినవాడు ముందుగా చిన్నచిన్న దిగుళ్లతో తొడలను మచ్చిక చేసికొనవలెను. ఎక్కుట మాటకు వచ్చిన, నిటారు చోట్ల గొప్ప పందెగాండ్రు గూడ నడుతురు. నడచుట అవమానము గాదు.

స్నాయువు చెడినప్పు డేమి చేయవలెను? మన యిండ్లలో రెండు సలహాలు చెప్పుదురు. తల్లి పడుకొమ్మనును. మేనమామ, అదేమి నొప్పిరా, నాలుగుమైళ్లు పరుగెత్తిన అదే పోవు ననును. ఈ రెండును చాలవు. స్వీడను దేశపు ఎముకలవైద్యుడు హాకన్ ఆల్‌ఫ్రెడ్సన్ తానును పరుగెత్తువాడే. పిక్కను మడమకు కట్టు స్నాయువు నొచ్చి, శస్త్రచికిత్స చేయుమని తన పైయధికారి నడుగగా ఆయన ఒప్పుకొనలేదట. నొప్పి ముదిరినచో ఒప్పుకొనక తప్పదని తలచి, ఆల్‌ఫ్రెడ్సన్ ఆ కాలిపై భారము వేసి నొప్పించుట మొదలిడెను. స్నాయువు చెడుటకు బదులు కుదిరెను. పిదప ఇతరులకును చేయించి 1998లో ఫలితమును ప్రకటించెను: శస్త్రచికిత్సకై వేచియున్న 15 మంది పండ్రెండు వారములలో మరల పరుగెత్తగలిగిరి.

ఆ విధానము సులభము. మెట్టు అంచున మునివ్రేళ్లపై నిలిచి, నొచ్చు కాలి మడమను మెట్టుకంటె క్రిందికి మెల్లగా దింపవలెను. పైకి లేచుట రెండవ కాలితో. మోకాలు చాచి 15 చొప్పున మూడు విడతలు, కొంచెము వంచి మరల మూడు విడతలు. ఉదయ మొకసారి, సాయంకాల మొకసారి. దినమునకు 180 దింపుళ్లు. కొంత నొప్పి యుండును, ఉండనీయవచ్చును. కాలు మోపలేనంత నొప్పి కూడదు. విశ్రాంతి యనగా మంచమెక్కుట కాదనియు, కొలిచి వేసిన భారమే స్నాయువునకు మందనియు దీనివలన తెలిసినది. ఎముక పగులునకు మాత్ర మీ మందు పనికిరాదు. దానికి పరుగు మానవలసినదే, తఱచు రెండు నెలలవఱకు.

వ్యాయామము బలములో సగము మేరకే చేయవలెనని సుశ్రుతుడు చెప్పెను. నొసట చెమట, నోరెండుట అందుకు గుర్తులు. నేటి శిక్షకులును అభ్యాసములో హెచ్చుభాగము పక్కవానితో మాటాడగలిగినంత మెల్లగా సాగవలె నందురు. అన్నియు మన గ్రంథములలోనే యున్నవని వాదించుట నా యభిప్రాయము గాదు. నూఱు మైళ్లు పరుగెత్తుమని సుశ్రుతు డెచ్చటను చెప్పలేదు.

ఆహారమును నిద్రయును తక్కువైనచో ఎముక కుదురదు. సన్నబడుటకై అన్నము తగ్గించి పరుగెత్తు ఆడుపిల్లలకు నెలసరి తప్పుట కలదు. అది పరుగు ఫలితమని ఊరకుండరాదు. ఎముకలు పలుచనగుట కది హెచ్చరిక. నొప్పిమాత్రలు మ్రింగి పరుగెత్తుట మఱియొక చెడ్డ యలవాటు. ఎండలో నీరు తగ్గిన దేహమునకు ఆ మాత్రలు తోడైనచో మూత్రపిండములు దెబ్బతినును.

కిలియన్ జోర్నెట్ అను ప్రసిద్ధుడు 2017లో కొలరాడోలోని హార్డ్‌రాక్ పందెమున, ఆరంభదశలోనే పడి భుజము తొలగినను, చేతిని మెడకు వ్రేలాడగట్టుకొని నూఱు మైళ్లు ముగించి గెలిచెను. యువకులు ఈ కథనే చెప్పుకొందురు. నేను వేఱొక కథ చెప్పుదును. కోర్ట్నీ డావాల్టర్ అను స్త్రీ 2018లో వెస్టర్న్ స్టేట్స్ పందెము గెలిచినది. 2019లో మరల పరుగెత్తుచు, 80వ మైలు సమీపించునప్పటికి తుంటినొప్పిచే ఆగిపోయెను. మిగిలినది 20 మైళ్లే. ఈడ్చుకొనియైనను పోవచ్చునని ఎవరికైనను తోచును. ఆమె పోలేదు. రెండు నెలలకు, ఆ యేటనే, ఆల్ప్స్ పర్వతములలో మోఁ బ్లాఁ శిఖరమును చుట్టివచ్చు రమారమి 170 కిలోమీటర్ల పందెమున స్త్రీలలో ప్రథమురాలాయెను. 2023లో వెస్టర్న్ స్టేట్స్, హార్డ్‌రాక్, మోఁ బ్లాఁ మూడింటను ఒకే వేసవిలో స్త్రీల విభాగమున గెలిచెను. ఆ 20 మైళ్లు కుంటుచు ముగించియుండిన ఆమె కేమి మిగిలియుండెడిదో చెప్పజాలము.

మీ పిల్లలు టెలిఫోను చేసినప్పుడు ఎన్నిమైళ్లు పరుగెత్తితివని అడుగకుడు. అశ్వవైద్యు డడిగినట్లు అడుగుడు. మంచము దిగిన తరువాత మొదటి పది యడుగులు ఎట్లున్నవి? రాత్రి నిద్ర పట్టినదా? నొచ్చు కాలిపై ఒంటికాలితో గెంతగలవా? గెంతుటకు జంకినచో ఆ వారమే పరుగు మానిపించి ఎముకల వైద్యునియొద్దకు పంపుడు. ఎక్స్‌రేలో ఏమియు లేదన్నారని మూడవనాడే వాడు మరల బయలుదేరును. ఇట్టి సన్నని పగులు మొదటి వారములలో ఎక్స్‌రేకు తఱచు కనబడదు. ఎం.ఆర్.ఐ. పరీక్షలో కనబడును; అది చేయించువఱకు పరుగు వలదని చెప్పుడు.