మోకీలు మార్పిడి తర్వాత నొప్పి మాత్రలు: ఇంటివారికి నాలుగు మాటలు

మీ అమ్మగారినో నాన్నగారినో రేపో ఎల్లుండో ఇంటికి తీసుకువెళతారు. ఇక్కడ సిస్టర్లు వేళకు మాత్రలిచ్చారు. ఇంటి దగ్గర ఆ పని మీది.

మేము తరచూ వినే మాట ఒకటుంది. "నొప్పి మాత్రలు మింగితే కిడ్నీలు పోతాయంటండీ, ఓర్చుకోమంటున్నాం." ఓర్చుకునే మనిషి మోకాలు వంచడు. మొదటి వారాల్లో వంచని మోకాలు బిగుసుకుపోతుంది, తర్వాత ఎంత తంటాలు పడినా పూర్తిగా వంగకపోవచ్చు. అందుకని నొప్పి ముదిరేదాకా ఆగకుండా రాసిన వేళకే ఇవ్వండి. ఒక మోతాదు వ్యాయామానికి అరగంట, గంట ముందు పడేలా డాక్టరునడిగి వేళలు సర్దుకోండి.

కిడ్నీల భయం ఉత్తిది కాదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి నొప్పినీ వాపునీ తగ్గిస్తాయి. కాని కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, కడుపులో పుండు ఉన్నవారికి ప్రమాదం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందుతో కలిస్తే రక్తస్రావం కావచ్చు. కాబట్టి చీటీలో లేనిది మందుల షాపులో అడిగి తేవద్దు.

ఇంకో చిక్కు. పేర్లు వేరైనా రెండు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉండవచ్చు. ఎసిక్లోఫెనాక్‌తో కలిపి అమ్మే మాత్రలు మనకు మామూలే. పెద్దవారికి పారాసిటమాల్ రోజుకు 4 గ్రాములు దాటకూడదు, 650 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు వేస్తేనే 3.9 గ్రాములు. బక్కపలచని ముసలివారికి, లివరు జబ్బున్నవారికి ఇంకా తక్కువే. అట్ట వెనక చదవండి.

ట్రమడాల్ రాస్తే వికారం, మలబద్ధకం, తల తిరగడం ఉండవచ్చు. రాత్రి బాత్రూముకు ఒంటరిగా పంపకండి.

వాపు మాత్రలతోనే పోదు. సాయంత్రానికి పెరుగుతుంది, కొందరికి మూడు నుంచి ఆరు నెలలు ఉంటుంది, కంగారు పడవద్దు. పడుకోబెట్టి కాలు గుండె కంటే ఎత్తుగా ఉంచండి. దిండు మడమ కింద ఉండాలి, మోకాలి కిందే పెడితే కాలు వంగి ఉండిపోతుంది. ఐసును తువ్వాలులో చుట్టి 15, 20 నిమిషాలు పెట్టండి. వేడి కాపడం, నూనె మర్దనా ఇప్పుడు వద్దు. చుట్టాలు ఎంత చెప్పినా సరే.

పిక్క గట్టిపడి నొప్పి పుట్టినా, గాయం నుంచి చీము కారినా, జ్వరం వచ్చినా, తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగినా అదే రోజు చూపించండి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే రాత్రయినా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. వచ్చేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకు రండి.