లేకపోవడమూ ఒక పదార్థమే

ఉనికి గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఉన్నవాటి దగ్గరే ఆగిపోతారు. మన తార్కికులు లేనివాటినీ వదల్లేదు. తెలుగువాడని ప్రసిద్ధుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం తర్కశాస్త్రం నేర్చుకునేవాళ్లకు ఇప్పటికీ తొలి పాఠం. అందులోని ఏడు పదార్థాల్లో, అంటే మూల వర్గాల్లో, చివరిది అభావం, అంటే లేకపోవడం. ఇది నాలుగు రకాలు.

కుమ్మరి ఇంకా చెయ్యని కుండనే తీసుకోండి. దాని లేమికి మొదలు లేదు, కుండ తయారైన క్షణాన ముగిసిపోతుంది. ఇది ప్రాగభావం. ఆ కుండ పగిలిందనుకోండి, అప్పుడు పుట్టే లేమికి మొదలుంది, అంతం లేదు. ఇది ప్రధ్వంసాభావం. మళ్లీ చేసుకోవచ్చుగా అంటారేమో, అది వేరే కుండ! గాలికి ఏనాడూ రంగు లేకపోవడం అత్యంతాభావం, కుండ బట్ట కాకపోవడం అన్యోన్యాభావం.

ఇంతకీ నేలమీద కుండ లేదని ఎలా తెలుస్తుంది? కంటితోనే అంటారు న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు. కాదు, కనిపించకపోవడమే ఒక ప్రత్యేక ప్రమాణం, అంటే తెలుసుకునే సాధనం, దాని పేరు అనుపలబ్ధి అంటారు మీమాంసకుడైన కుమారిల భట్టు అనుయాయులు. మరో మీమాంసకుడు ప్రభాకరుడి అనుయాయులైన ప్రాభాకరులైతే అభావమనే పదార్థమే లేదు పొమ్మన్నారు. మీరు చూస్తున్నది వట్టి నేలేనట. ఈ పొదుపు నాకు నచ్చుతుంది గానీ, కుండ ఉన్నప్పటి నేలకూ ఈ వట్టి నేలకూ తేడా ఏమిటని నైయాయికులు నిలదీస్తే తప్పించుకోవడం కష్టమే.